బ్రోషర్‌లో చూపిన లైట్లు నా కారుకు బిగించండి

మా కారు తయారు చేసిన కంపెనీ యాజమాన్యానికి, నరసన్నపేట నుంచి ఒక పశువైద్యుడు రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యా,

నేను పశువైద్యుడిని. ఉద్యోగంలో చేరి 26 ఏళ్ళయింది. అందులో ఎక్కువ కాలం శ్రీకాకుళం జిల్లాలోనే గడిచింది. నిరుడు దసరాకు మీ ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాను. కారు బాగుంది. మెత్తగా నడుస్తుంది. రాత్రి ఇంట్లో ప్లగ్గు పెడితే పొద్దున్న నేను డ్యూటీకి బయల్దేరేసరికి సిద్ధంగా ఉంటుంది. పశువుల సాల దాకా తీసుకెళ్ళినా చప్పుడు ఉండదు కాబట్టి నొప్పులు పడుతున్న పశువు బెదరదు. నా వృత్తిలో అది చిన్న విషయం కాదు. ఈ మంచి మాటలన్నీ మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కానీ ఆ కారులో ఉండాల్సిన వస్తువు ఒకటి లేదు. దాన్ని పెట్టమని అడగడానికే ఈ లేఖ.

ఆ వస్తువు అడాప్టివ్ హెడ్‌లైట్లు, అంటే ఎదుటివాళ్ళ కంట్లో పడకుండా వెలుగును తామే సర్దుకునే లైట్లు.

మీ కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. నా బుకింగ్ నంబరు, ఛాసిస్ నంబరు, నాలుగు నెలలుగా నేను పంపిన 9 ఉత్తరాలు మీ దగ్గర ఉన్నాయి కాబట్టి ఇది మీకేనని మీకు తెలుస్తుంది. పేరు రాస్తే చదివేవాళ్ళ మాటలన్నీ ఆ పేరు చుట్టూనే తిరుగుతాయి. నాకు కావలసింది లైట్లు.

అవి నాకు ఎందుకంత అవసరమో తెలియాలంటే మా రోడ్ల సంగతి కాస్త వినాలి. 16వ నంబరు జాతీయ రహదారి మా ఊరిని ఆనుకునే పోతుంది. మడపాం దగ్గర వంశధార దాటి శ్రీకాకుళం, విశాఖ వైపు సాగుతుంది. అక్కడ మధ్యలో డివైడరు ఉంది, డివైడరు మీద మొక్కలున్నాయి, ఎదుటి లారీ వెలుగు చాలావరకు వాటి దగ్గరే ఆగిపోతుంది. ఆ రోడ్డు మీద మామూలు లైట్లతో కూడా నెట్టుకురావచ్చు. నా పని ఆ రోడ్డు దిగాక మొదలవుతుంది. జలుమూరు, సారవకోట, పోలాకి మండలాల ఊళ్ళకు పోయే రోడ్లలో చాలావాటి మీద రెండు బండ్లు ఎదురైతే ఒకటి మట్టిలోకి దిగాలి. కొన్నిచోట్ల ఒకపక్క కాలువ, ఇంకోపక్క పొలం. వీధిదీపాలు ఊరి మొదట్లో ఉంటాయి, ఊరి చివర అయిపోతాయి. ఆ తర్వాత వచ్చే ఊరి దాకా చీకటే.

ఆ చీకట్లో రోడ్డు ఖాళీగా ఉంటుందనుకోకండి. కోతలయ్యాక రోడ్డే కళ్ళం. ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పేరుస్తారు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు చీకటి పడ్డాక ఇళ్ళకు నడుస్తారు. వెనక రెడ్ లైటు లేని ట్రాక్టరు ట్రక్కు ఆగి ఉంటుంది. వానాకాలం పొలాల్లో నీళ్ళుంటాయి కాబట్టి పశువులు పొడి చోటు వెతుక్కుని వచ్చి తారు రోడ్డు మీద పడుకుంటాయి. తారు నలుపు, గేదె నలుపు, రాత్రి నలుపు.

గేదె గురించి నాకు తెలిసిన ఒక మాట చెబుతాను. ఆవుకూ గేదెకూ కంటి లోపల వెలుగును వెనక్కి తిప్పికొట్టే పొర ఉంటుంది. లైటు పడగానే కళ్ళు మెరిసేది దానివల్లే. చాలామంది డ్రైవర్లు ఆ మెరుపునే నమ్ముకుని నడుపుతారు. కానీ పశువు అటు తిరిగి పడుకుంటే మెరిసే కళ్ళు అటే ఉంటాయి. మీకు కనబడాల్సింది వీపు, దానికి మెరుపేమీ ఉండదు. పందికైతే ఆ పొరే లేదు, ఎదురుగా నిలబడి మీ లైటులోకి చూసినా దాని కళ్ళు అలా మెరవవు. మా వృత్తిలో రోడ్డు మీద దెబ్బ తిన్న పశువుకు కుట్లు వేయడం మామూలే. ఢీకొట్టిన మోటార్ సైకిల్ మనిషిని అప్పటికే ఆసుపత్రికి తీసుకుపోయి ఉంటారు. చాలాసార్లు ఆయనకు తగిలిన దెబ్బ పశువుకు తగిలినదానికంటే పెద్దది.

ఇలాంటి రోడ్డు మీద డ్రైవరుకు రెండే దారులు. బ్రైట్ వేస్తే దూరం కనబడుతుంది, కానీ ఎదురుగా వచ్చే మోటార్ సైకిల్ మనిషికి కళ్ళు బైర్లు కమ్ముతాయి, కాలువలోకి పోతాడు. డిమ్ చేస్తే ఆయన క్షేమం, నాకు కనబడదు. డిమ్‌లో నల్లటి వస్తువు 40, 50 మీటర్ల దూరంలో తెలిస్తే గొప్ప. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16 మీటర్ల పైమాటే. చూసి, గ్రహించి, కాలు బ్రేకు మీద వేసేసరికి సెకనున్నర పోతుంది, అంటే 25 మీటర్లు. పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే బండి ఆగడానికి ఇంకో 20. మొత్తం 45. అంటే కనబడే దూరమూ ఆగే దూరమూ దాదాపు ఒకటే. రోడ్డు మీద గడ్డి పరిచి ఉన్నా, మంచు తడి ఉన్నా ఆ లెక్క కూడా తప్పుతుంది. వయసు మాట కూడా కలపాలి. నాకు 52 దాటాయి. ఈ వయసుకు కంటిలోని కటకం చిన్నప్పటి అంత స్వచ్ఛంగా ఉండదు, ఎదుటి వెలుగు కంట్లోనే చెదిరిపోతుంది, ఆ బండి దాటిపోయాక చూపు కుదుటపడడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఆ రెండు మూడు క్షణాలూ కారు గుడ్డిగా పోతున్నట్టే.

బ్రైటా, డిమ్మా అన్న ఈ చిక్కును విప్పడానికి పుట్టినవే అడాప్టివ్ లైట్లు. ఈ లేఖ మీకొక్కరికే అయితే ఇది చెప్పనక్కర్లేదు. నలుగురూ చదువుతారు కాబట్టి చెబుతున్నాను. మామూలు హెడ్‌లైటులో బ్రైట్ మొత్తం వెలుగుతుంది లేదా మొత్తం ఆరిపోతుంది. ఇందులో లైటు లోపల చిన్న చిన్న ఎల్‌ఈడీలు చాలా ఉంటాయి, ఒక్కొక్కటి రోడ్డులో ఒక్కో ముక్క మీద వెలుగు వేస్తుంది. ముందు అద్దం వెనక ఉన్న కెమెరా ఎదుటి బండి లైట్లనూ, ముందు పోయే బండి వెనక లైట్లనూ కనిపెడుతుంది. ఆ బండి ఉన్న ముక్క మీద పడే ఎల్‌ఈడీలను మాత్రమే ఆర్పుతుంది. మిగతా రోడ్డంతా, రెండు పక్కలా, బ్రైట్ అలాగే ఉంటుంది. ఎదుటి మనిషి కదులుతున్నకొద్దీ ఆ నీడ కూడా ఆయనతో కదులుతుంది. 2013లో ఆడి ఎ8 కారుకు ఇలాంటి మ్యాట్రిక్స్ ఎల్‌ఈడీ లైట్లు పెట్టినప్పుడు ఒక్కో దాంట్లో 25 ఎల్‌ఈడీలు ఉండేవి. అమెరికాలో పాత నిబంధనలు అడ్డువచ్చి 2022 దాకా వీటికి అనుమతి రాలేదు. అక్కడ చట్టం ఆపింది. మన దగ్గర అలాంటి అడ్డు లేదనడానికి మీ కార్లే సాక్ష్యం, ఇదే మోడల్, ఇదే వేరియంట్ వేరే నెలల్లో ఈ లైట్లతోనే రోడ్డెక్కింది.

వీటితో అన్నీ తీరిపోతాయని నేను అనడం లేదు. లైటు లేని సైకిల్‌నూ, నడిచి వచ్చే మనిషినీ ఈ కెమెరా బండిగా గుర్తించకపోవచ్చు, అప్పుడు బ్రైట్ నేరుగా వాళ్ళ మొహాన పడుతుంది. అక్కడ నేనే చేత్తో డిమ్ చేయాలి. అది ఒప్పుకుంటాను. అయినా పదిసార్లలో ఎనిమిదిసార్లు అది చేసే పని నా కళ్ళు చేయలేవు.

కారు కొనేముందు ఈ లైట్ల కోసమే టెస్ట్ డ్రైవ్ సాయంత్రం ఇమ్మని అడిగాను. షోరూము వాళ్ళు పగలు రమ్మన్నారు, నేను చీకటి పడ్డాకే కావాలన్నాను. డ్యూటీ అయిపోయాక కూడా నాకోసం ఆగిన ఆ కుర్రాడికి ఇప్పటికీ కృతజ్ఞుడినే. ఊరి బయటికి వెళ్ళాక ఎదురుగా ఒక ఆటో వచ్చింది. ఆటో చుట్టూ నల్లటి పలక కట్టినట్టు వెలుగు తప్పుకుంది. ఆటో వెనకాల రోడ్డు పక్కన చింతచెట్టు కాండం, దానికి వేసిన తెలుపు ఎరుపు పట్టీలు కూడా కనిపించాయి. పక్కన కూర్చున్న మా ఆవిడ "ఇంక మీరు రాత్రి వెళ్తే నేను మేలుకుని కూర్చోనక్కర్లేదు" అంది. ఆ ఒక్క మాట మీదే కింది వేరియంట్ వదిలి, 1,60,000 రూపాయలు ఎక్కువ పెట్టి పై వేరియంట్ బుక్ చేశాను. పెద్ద స్క్రీను కోసమో, పైన అద్దాల కప్పు కోసమో కాదు. బ్రోషర్‌లో 6వ పేజీలో ఆ లైట్ల బొమ్మ ఉంది. బుకింగ్ ఫారం మీద వేరియంట్ పేరు ఉంది. రెండూ దాచుకున్నాను.

డెలివరీ పగలు ఇచ్చారు. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్నాం. నాలుగో రోజు రాత్రి కాల్ మీద వెళ్ళినప్పుడు తేడా తెలిసింది. ఎదుటి బండి వస్తే బ్రైట్ మొత్తం పడిపోతోంది, పోయాక మొత్తం లేస్తోంది. నీడ పలక లేదు. సెట్టింగులన్నీ వెతికాను, ఆ పేరే లేదు. సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో వస్తుంది సార్ అన్నారు. నెలన్నర ఆగాను. అప్‌డేట్ వచ్చింది, పాటల యాప్ మారింది, లైట్లు మారలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు ఒక టెక్నీషియన్ టార్చి వేసి లైటు లోపల చూపించాడు. టెస్ట్ డ్రైవ్ కారులో చిన్న చిన్న కటకాలు వరుసగా ఉన్నాయి. నా కారులో రెండే ఉన్నాయి. "ఇది మామూలు ఎల్‌ఈడీ యూనిట్ సార్, దీనికి ఏ అప్‌డేట్ పెట్టినా రాదు" అని నిజం చెప్పాడు. ఆ నిజం చెప్పినందుకు అతన్ని మీరు ఏమీ అనకూడదని ఇక్కడే మనవి చేస్తున్నాను.

తర్వాత మీ ప్రాంతీయ కార్యాలయం ఫోన్లో చెప్పిందేమంటే, విడిభాగాల కొరత వల్ల ఆ బ్యాచ్ కార్లను మామూలు యూనిట్లతో పంపారట. కొరత రావచ్చు. 2021, 2022లో చిప్పులు దొరక్క ప్రపంచమంతా కార్ల కంపెనీలు ఎన్ని అవస్థలు పడ్డాయో మేమూ విన్నాం. మందులు సరఫరా కాకపోతే మా ఆసుపత్రిలోనూ అదే పరిస్థితి. కానీ మందు లేకపోతే లేదని రైతుకు చెబుతాం. ఉన్నదే ఇచ్చి, చీటీ మీద లేనిదాని పేరు రాయం. నా కారు బిల్లు మీద పై వేరియంట్ పేరూ ఉంది, పై వేరియంట్ ధరా ఉంది.

డిసెంబరులో జరిగిన సంగతి చెబుతాను. దీని గురించి మీకు రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

రాత్రి పదకొండు దాటాక ఫోన్. "సాయంత్రం కాడ్నుంచి నొప్పులు పడతంది బాబూ, ఒక కాలే బయిటికొచ్చింది. ఓపాలి రండి." దూడ రెండో కాలు లోపల మడత పడి ఉంటుంది. ఆలస్యమైతే దూడ పోతుంది, ఇంకా ఆలస్యమైతే గేదె కూడా పోతుంది. పాడి గేదె అంటే ఆ ఇంట్లో నెలనెలా చేతికి వచ్చే డబ్బు, పిల్లల ఫీజులు. వెంటనే బయల్దేరాను. హైవే దిగి ఏడెనిమిది కిలోమీటర్లు పోయాక ఎదురుగా మోటార్ సైకిల్, దాని మీద ముగ్గురు. బ్రైట్ పడిపోయింది. కారు 50 మీద ఉంది. మోటార్ సైకిల్ దాటింది, నా కళ్ళ ముందు ఇంకా దాని లైటే ఉంది. అప్పుడు కారు ముందు వరుసగా రాళ్ళు. బ్రేకు తొక్కాను. చక్రాలు గడ్డి మీద జారి, రాళ్ళకు రెండు మూరల ఇవతల కారు ఆగింది.

రాళ్ళ అవతల వడ్లు. వడ్ల పక్కన గడ్డి పరుచుకుని, దుప్పటి ముసుగు పెట్టుకుని ఒక పెద్దాయన పడుకుని ఉన్నాడు. ధాన్యానికి కాపలా. నా కారుకు చప్పుడు లేదు కాబట్టి బ్రేకు పడేదాకా ఆయనకు మెలకువే రాలేదు. లేచి కూర్చుని, నన్ను గుర్తుపట్టి, "ఏటైంది డాక్టరు బాబూ, తోవ అవుపించలేదా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. చేతులు వణుకుతున్నాయి. ఆ చేతులతోనే వెళ్ళి ఆ గేదెకు పురుడు పోయాల్సి వచ్చింది. దూడ బతికింది. తిరుగు దారిలో ఆ పెద్దాయన దగ్గర కారు ఆపి, రోడ్డు మీద కాకుండా పక్కన పొలం వైపు పడుకోమని చెప్పాను. "ధాన్యం ఇక్కడుంటే నాను అక్కడెలగ తొంగుంతాను బాబూ" అన్నాడు. ఆయన మాట న్యాయమైనదే.

ఆ రాత్రి లెక్క ఎన్నోసార్లు వేసుకున్నాను. ఎదుటి మోటార్ సైకిల్ మీద తప్ప మిగతా రోడ్డంతా వెలుగు ఉండి ఉంటే ఆ రాళ్ళు వంద మీటర్ల ముందే కనబడేవి. సాయంత్రం టెస్ట్ డ్రైవ్‌లో ఆటో వెనకాల చింతచెట్టు కనబడినట్టే. ఇంకొంచెం నెమ్మదిగా పోవాల్సింది కదా అని మీరు అనవచ్చు. నిజమే, ఆ రోజు నుంచి ఎదుటి లైటు కనబడగానే 30కి దించేస్తున్నాను. అవతల ఈనలేక ఒక పశువు పడి ఉన్నప్పుడు అలా పోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

సంక్రాంతి వెళ్ళాక మీ జవాబు వచ్చింది. అందులో మూడు మాటలున్నాయి. బ్రోషర్ కింద నక్షత్రం గుర్తు పెట్టి, ముందస్తు సమాచారం లేకుండా ఫీచర్లు మార్చే హక్కు మాకుంది అని రాసి ఉందట. ఆ అక్షరాలు చదవడానికి నాకు భూతద్దం కావలసి వచ్చింది, అయినా చదివాను. రాబోయే కార్లలో మార్చుకునే హక్కు అది, నేను డబ్బు కట్టిన కారులోంచి వస్తువు తీసేసి ధర అలాగే ఉంచుకునే హక్కు అవుతుందని నేను అనుకోను. రెండో మాట, 25,000 రూపాయల యాక్సెసరీల వోచరు, ఒక ఏడాది అదనపు వారంటీ ఇస్తామన్నారు. సీటు కవర్లు, కాళ్ళ కింద మ్యాట్లు నాకు రాత్రి దారి చూపవు. వోచరు తీసుకుంటే ఇక ఏమీ అడగనని సంతకం చేయాలట, అందుకే తీసుకోలేదు. మూడో మాట, తర్వాత ఆ లైట్లు బిగించడం సాంకేతికంగా సాధ్యం కాదు అని. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ మాటే.

ఎందుకు సాధ్యం కాదు? నా కారులో కెమెరా ఉంది, గీత దాటితే స్టీరింగ్‌ను సరిచేస్తోంది, ఎదుటి బండిని చూసి బ్రైట్ తనంతట తానే దించుతోంది. అంటే ఎదుటి బండి ఎక్కడుందో ఈ కారుకు ఇప్పటికే తెలుసు. లైట్లు కూర్చునే చోటు, బోల్టుల కొలతలు రెండు రకాలకూ ఒకటేనని మీ టెక్నీషియనే చూపించాడు. కావలసినవి రెండు లైటు యూనిట్లు, వాటిని నడిపే కంట్రోల్ యూనిట్, అవసరమైతే వైరింగులో ఒక ముక్క, ఆ తర్వాత ఈ కారులో ఇప్పుడు ఈ లైట్లున్నాయి అని కారు కంప్యూటరుకు చెప్పే కోడింగ్. చివర్లో బోర్డు ముందు నిలబెట్టి లైట్ల ఎత్తు, కెమెరా చూపు సరిచూడాలి. ఇవన్నీ మీ ఫ్యాక్టరీలో ప్రతి పై వేరియంట్ కారుకూ చేసే పనులే. ప్రమాదంలో లైటు పగిలితే మీ సర్వీసు సెంటరు కొత్తది తెప్పించి బిగించి కోడింగ్ చేస్తుంది కదా. కష్టమైన పని అనండి, ఖర్చు అవుతుందనండి, వింటాను. సాధ్యం కాదు అనకండి.

బయట చేయించుకోవచ్చు కదా అని కొందరు స్నేహితులు అన్నారు. విశాఖలో ఒక వర్క్‌షాపు వాళ్ళు ప్రమాదంలో దెబ్బతిన్న కారులోంచి తీసిన యూనిట్లు బిగించి, లాప్‌టాప్‌తో కోడింగ్ చేసిపెడతామన్నారు. చాలా ఆలోచించాను, వద్దనుకున్నాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో పొంతన లేకుండా పోయేలా యజమాని బండిని మార్చకూడదంటుంది. హెడ్‌లైటు దాని కిందికి వస్తుందా రాదా అని వకీళ్ళు వాదించుకోవచ్చు. కానీ రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. మీరూ వారంటీ పోయిందంటారు. అన్నిటికంటే పెద్ద భయం వేరే ఉంది. లైటు ఒక్క డిగ్రీ పైకి లేచి కూర్చుంటే 50 మీటర్ల దూరంలో వెలుగు దాదాపు 87 సెంటీమీటర్లు పైకి పోతుంది. రోడ్డు మీద పడాల్సింది మోటార్ సైకిల్ మనిషి కళ్ళలో పడుతుంది. కెమెరా లెక్క కొంచెం తప్పితే నీడ ఒకచోట, మనిషి ఇంకోచోట. నా దారి బాగా కనబడాలని ఇంకొకరిని కాలువలో పడేయలేను. ఈ పని ఈ లైట్లను తయారుచేసిన మీ చేతుల మీదుగానే, కాగితం మీద రాసి జరగాలి.

నేనొక్కడినే కాదు. అదే బ్యాచ్‌లో కారు తీసుకున్న ఒక బ్యాంకు ఉద్యోగి బొబ్బిలిలో ఉన్నారు. సాలూరు దాటి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్ వైపు వారానికోసారి వెళ్ళే కాంట్రాక్టరు ఒకాయన విజయనగరంలో ఉన్నారు. ఘాట్ మలుపుల్లో ఎదురుగా లారీ వస్తే రోడ్డు అంచు ఎక్కడుందో కనబడక ఆయన పడే టెన్షన్ విన్నాక నా రోడ్లే నయమనిపించింది. మాకు తెలిసినవాళ్ళం ఏడుగురం. మిగతావాళ్ళకు తమ కారులో ఆ లైట్లు లేవన్న సంగతే తెలియకపోవచ్చు. రాత్రి ఊళ్ళోనే తిరిగేవాళ్ళకు తెలిసే అవకాశం లేదు. ఏ ఛాసిస్ నంబరులో ఏ యూనిట్ బిగించారో పూర్తి జాబితా ఒక్క మీ దగ్గరే ఉంటుంది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం గురించి ఈ నాలుగు నెలల్లో చదువుకున్నాను. అమ్మేవాళ్ళు ఉందని చెప్పిన ప్రమాణానికి వస్తువు తగ్గితే, అది కూడా ఆ చట్టం దృష్టిలో లోపమే. 50 లక్షల లోపు కొన్నవాటికి జిల్లా కమిషన్‌కే వెళ్ళవచ్చు, మీ కార్యాలయం ఏ నగరంలో ఉన్నా నేను ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, రెండేళ్ళ గడువుంది. లోపాన్ని సరిచేయమనీ, వస్తువు మార్చమనీ, డబ్బు తిరిగి ఇవ్వమనీ ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది. 1915 నంబరుకు ఫోన్ చేసి ఇప్పటికే నమోదు చేయించాను. అయినా ఆ దారిలో పోవాలని నాకు లేదు. కేసు గెలిస్తే డబ్బు రావచ్చు. కేసు నడిచినన్నాళ్ళూ నేను రాత్రి తిరుగుతున్నది మాత్రం ఈ లైట్లతోనే.

కాబట్టి అడుగుతున్నాను. ఆ బ్యాచ్‌లో మామూలు లైట్లతో వెళ్ళిన ప్రతి పై వేరియంట్ కారుకూ అడాప్టివ్ యూనిట్లు మీ ఖర్చుతో, మీ సర్వీసు సెంటరులో బిగించండి. ఇలా మార్చామని ఛాసిస్ నంబరు వేసి కాగితం ఇవ్వండి. ఇన్సూరెన్సు వాళ్ళకు చూపించడానికి అది కావాలి. వారంటీ ఆ లైట్లకూ వర్తించాలి. అడిగినవాళ్ళకే కాదు, అడగని యజమానులకు కూడా మీరే ఉత్తరం రాయండి. యూనిట్లు ఇంకా కొరతగానే ఉంటే ఏ నెలకు వస్తాయో రాసివ్వండి, ఆగుతాం. రాత్రి ప్రయాణాలు ఎక్కువ ఉన్నవాళ్ళకు ముందు బిగించండి. ఆ వరుసలో నాకంటే ఘాట్ రోడ్డు మీద తిరిగే ఆయన ముందుండాలి. నిజంగానే ఏ కారుకైనా బిగించలేని పరిస్థితి ఉంటే ఆ కారణం మీ ఇంజినీరు సంతకంతో ఇవ్వండి, వేరియంట్ తేడా డబ్బు వెనక్కి ఇవ్వండి. షోరూముల్లో ఇంకా అదే బ్రోషర్ పంచుతున్నారు. లైట్లు లేని కారు అమ్మేటప్పుడు ఆ పేజీ కొట్టేసి, కొనేవాళ్ళకు ముందే చెప్పి అమ్మండి.

నేను రాసిన 9 ఉత్తరాల్లో ఎక్కడా పరుషంగా మాట్లాడలేదు. ఇందులోనూ మాట్లాడలేదనే అనుకుంటున్నాను. మీ కంపెనీలో ఈ లైట్లను రూపొందించిన ఇంజినీర్లు ఉంటారు. ఎదుటివాడి కంట్లో పడకుండా దారి ఎలా చూపాలా అని ఏళ్ళ తరబడి కష్టపడి ఉంటారు. ఈ లేఖ వాళ్ళ దాకా చేరితే చాలు, వాళ్ళకు నా బాధ అర్థమవుతుంది.

మళ్ళీ కోతల కాలం వచ్చేలోపు ఈ పని కావాలి. ఏ తేదీన కారు తీసుకురావాలో ఒక వారం ముందు చెప్పండి. ఆ రోజుకు సెలవు పెట్టుకుని, నా ఊళ్ళ కాల్స్ చూసుకోమని పక్క మండలం డాక్టరు గారికి చెప్పుకుని వస్తాను. బిగించాక చీకటి పడేదాకా అక్కడే ఉంటాను. మీ టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయటికి వెళ్ళి, ఒక ఆటో ఎదురయ్యేదాకా నడిపి చూసి, అప్పుడే మీ కాగితం మీద సంతకం పెడతాను.

ఇట్లు,
ఒక పశువైద్యుడు
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా